అడిగినట్టే లెక్క

ఆ బుధవారం సోఫాల మేస్త్రి చేయాల్సిన పనులు ఇవి: సినిమా హాలు కుర్చీలకు స్పాంజి కోయడం. కుట్టుమిషన్‌కు నూనె వేయడం. ఎర్ర రెక్సిన్ చాలేట్టు లేదు, కొట్టుకెళ్లి ఇంకో చుట్ట తేవడం. లాయరుగారి దివాను కాలు ఊడింది, జిగురు పెట్టి బిగించడం. కొబ్బరిపీచు బస్తాలో కాపురం పెట్టిన పిల్లిని ఖాళీ చేయించి బస్తా మూతి కట్టడం. బ్యాంకుకు వెళ్లి అడగడం.

మొదటి అయిదు పనులూ పొద్దెక్కకముందే అయిపోయాయి. పిల్లి కూడా పెద్దగా గొడవ చేయలేదు. ఆరోది మిగిలేసరికి మేస్త్రి, అప్పటికే నూనె తాగిన మిషన్‌కు మళ్లీ నూనె పోయడం మొదలుపెట్టాడు.

"ఇంకాస్త పోసి ఒత్తి వేయండి, వెలుగుతుంది" అంది ఆయన భార్య, వంటింటి గుమ్మంలోంచి. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు కావడం వల్ల ఆవిడ కంట్లో పడకుండా ఆయన చేయగలిగే పని ఏదీ ఉండదు.

"వెళ్తానే. వెళ్లనన్నానా?"

"వెళ్లనని అనరు. వెళ్లరు. అంతే."

మేస్త్రికి ఎవరినీ ఏదీ అడిగే అలవాటు లేదు. దాహం వేస్తే మంచినీళ్లు అడగడు, గ్లాసు వైపు చూస్తాడు. బస్సులో కాస్త జరగమని అడగడు, దిగేదాకా నిలబడే వెళతాడు. పని నేర్పిన గురువు ఆయనకు ఒకే ఒక మాట చెప్పాడట: "మన పని అడగాలిరా, మన నోరు అడగకూడదు." ఆ మాట ఆయనలో మేకులా దిగిపోయింది. అందుకే బిల్లు కూడా ఎవరి చేతికీ ఇవ్వడు. చేసిన సోఫా దింపి, నాలుగు మూలలూ తట్టి, బిల్లు మడిచి సీటు కింద దోపి, దండం పెట్టి వచ్చేస్తాడు. ఇల్లు అద్దంలా ఉంచుకునేవాళ్ల దగ్గర్నుంచి డబ్బు వారం తిరక్కుండా వస్తుంది. మిగతావాళ్ల దగ్గర్నుంచి వాళ్ల ఇంటికి చుట్టాలొస్తున్నారని తెలిసిన రోజున వస్తుంది, ఆ రోజే సీట్లెత్తి దులుపుతారు గనక.

"ఈ ఊళ్లో ఎవరిల్లు ఎంత శుభ్రమో మన బాకీలు చూసి చెప్పేయొచ్చు" అంటుంది భార్య.

ఈ పద్ధతి మీదే ఆయన ఇన్నేళ్లూ సంసారం లాక్కొచ్చాడు, కూతురికి డిగ్రీ చెప్పించాడు. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆ పిల్లే. ఇప్పుడు టీచరు ట్రైనింగు చదువుతోంది. పద్ధతికి దెబ్బ తగిలింది మాత్రం పళ్ల డాక్టరు దగ్గర. డాక్టరుగారి ఆస్పత్రిలో రోగులు కూర్చునే కుర్చీలన్నిటికీ మేస్త్రి కొత్త నవారు బిగించి, కొత్త రెక్సిన్ తొడిగి, అలవాటుగా ఒక సీటు కింద బిల్లు దోపి వచ్చాడు. డాక్టరు రోజుకు రెండుసార్లు పళ్లు తోమమని అందరికీ చెబుతాడు కానీ, ఏడాదికొకసారి కుర్చీలు దులపమని ఆయనకు చెప్పేవాళ్లు లేరు. ఆపైన ఆస్పత్రికి తాళం వేసి తమ్ముడి పెళ్లి పనులకని పొరుగూరు వెళ్లి కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే మిషన్ కిస్తీ వచ్చి పడింది. రెక్సిన్ కుట్టే పెద్ద మిషన్ అది, వాయిదాల మీద కొన్నది. ప్రతి నెలా అయిదో తారీఖున కిస్తీ బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే వెళ్లిపోతుంది. ఆ నెల ఖాతాలో కాస్తే తక్కువైంది, ఓ పూట కూరగాయల ఖర్చంత. బ్యాంకు ఆ కాస్తా తనే వేసి కిస్తీ కట్టేసింది. కట్టేసి ఊరుకుందా? కట్టినందుకు చార్జీ వేసింది. చార్జీ వల్ల ఖాతా ఇంకాస్త కిందికి దిగింది. దిగినందుకు ఇంకో చార్జీ. తరవాతి నెల మేస్త్రి వేసిన డబ్బును ఆ చార్జీలే తినేశాయి, కిస్తీకి మళ్లీ తక్కువైంది, మళ్లీ చార్జీ. మూలిగే నక్క మీద తాటిపండు పడటం అందరూ విన్నదే. ఇక్కడ పడిన పండుకు నక్క దగ్గరే కూలి వసూలు చేశారు.

ఈసారి వచ్చిన ఉత్తరంలో బ్యాంకు తేల్చి చెప్పింది: ఇకమీదట తక్కువైతే కిస్తీ కట్టము, వెనక్కి పంపుతాము. కిస్తీ ఒక్కసారి వెనక్కి వెళ్తే మిషన్ పట్టుకుపోతామని కంపెనీవాళ్లు కొన్నరోజే సంతకం పెట్టించుకున్నారు. అయిదో తారీఖు శుక్రవారం. చార్జీలు వెనక్కి వస్తే ఖాతాలో ఉన్నది కిస్తీకి సరిపోతుంది. రాకపోతే మిషన్ పోతుంది. మిషన్ పోతే సినిమా హాలు కుర్చీలు పోతాయి, అవి పోతే ఏడాది తిండి పోతుంది.

మంగళవారం సాయంత్రం కూతురు ఆ ఉత్తరాన్ని ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివింది.

"'అనుమతి లేని ఓవర్‌డ్రాఫ్ట్ సౌకర్యం వినియోగించుకున్నందుకు రుసుము' అట. అనుమతి లేకపోతే సౌకర్యం ఎలా అయింది? సౌకర్యమైతే అనుమతి లేకపోవడమేంటి? నా డిగ్రీ ఇక్కడితో ఆగిపోయింది నాన్నా."

"నాకు ఒక్కటి చెప్పు" అన్నాడు మేస్త్రి. "ఆ డబ్బు వెయ్యమని నేను అడిగానా?"

"లేదు."

"మరి?"

"అడగనిదే అమ్మయినా పెట్టదంటారు" అంది భార్య. "మీ బ్యాంకు అమ్మను మించిపోయింది. అడక్కుండానే పెట్టి, తిన్నాక బిల్లేసింది."

కూతురు దరఖాస్తు రాసింది. బ్యాంకుకు ఫోన్ చేస్తే ఖాతాదారే స్వయంగా రావాలన్నారు. "పోనీ నేను డాక్టరుగారి తమ్ముడి ఊరెళ్లి ఆ బాకీ అడుగుతా" అని భార్య లేవబోతే మేస్త్రి ససేమిరా అన్నాడు. "నువ్వడిగితే మాత్రం? నేనడిగినట్టే కదా!"

అందుకే బుధవారం ఆరో పని అది.

భార్య మిషన్ దగ్గర్నుంచి నూనె డబ్బా లాక్కుంది. గది మధ్యలో బట్టా స్పాంజీ ఊడదీసి, ఉత్త స్ప్రింగులతో నిలబడ్డ ఒక సోఫా ఉంది. దాని మీద పీట వేసుకుని కూర్చుంది.

"నేనే బ్యాంకు మేనేజర్ని. లోపలికి వచ్చారు. ఊఁ, అడగండి."

"ఏంటే ఈ పిల్లాటలు?"

"మేనేజర్ని పట్టుకుని ఏంటే అంటారా? బయటికి పంపించేస్తాను."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. విప్పాడు. "నమస్కారమండి. ఏం లేదు... ఇలా వెళ్తూ వెళ్తూ..."

"వెళ్తూ వెళ్తూ బ్యాంకులోకి ఎవరైనా వస్తారా? దొంగలు తప్ప! మళ్లీ."

"నమస్కారమండి. బాగున్నారా? ఇంట్లో అందరూ..."

"నా బాగు సంగతి మీకెందుకు? మీకేం కావాలి?"

"మీ సోఫా స్ప్రింగు ఒకటి వంకరగా ఉందండి. సరిచేయమంటారా?"

ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వుకు పీట ఒక పక్కకు ఒరిగి, స్ప్రింగులు ఆవిడను ఒక్క ఎగురు ఎగరేశాయి. "చూశారా, మీరు అడక్కపోతే మేనేజరు కూడా పడిపోతోంది" అంటూ లేచి, దరఖాస్తు ఆయన జేబులో పెట్టింది. "మీరేం మాట్లాడొద్దు మహానుభావా. పిల్ల అంతా రాసింది. ఈ కాగితం ఇవ్వండి చాలు."

మేస్త్రి బ్యాంకుకు వెళ్లాడు. అద్దాల తలుపు తీయగానే చల్లటి గాలి మొహాన కొట్టింది. గోడ పక్కన కుర్చీల్లో జనం చీటీలు పట్టుకుని, ఎర్ర అంకెలు మారడం కోసం ఎదురు చూస్తున్నారు. ఆయన నంబరు మూడో కౌంటరుకు పడింది. అక్కడ కళ్లద్దాల అమ్మాయి ఒకతె, మెడకూ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, రెండు చేతులా కంప్యూటరు మీద కొడుతోంది. కూర్చోమని కళ్లతోనే చెప్పింది.

మేస్త్రి కూర్చున్నాడు. కుర్చీ ఉస్సురంది. చవక స్పాంజి. అంచు కుట్టు కూడా వదిలేసింది, పక్కన రెండు వేళ్లు పట్టే సందుంది. ఇలాంటి కుర్చీలో జనాన్ని కూర్చోబెట్టి బ్యాంకు మీద నమ్మకం పెట్టుకోమనడం ఎలా అని ఆయన మనసులో బాధపడ్డాడు. అమ్మాయి ఫోన్‌లో మాట్లాడుతూనే ఉంది. మేస్త్రి జేబులోంచి దరఖాస్తు తీశాడు. మడత విప్పాడు, మళ్లీ మడిచాడు. చెమట పట్టింది. ఆ తరవాత ఆయన చేయి, ఆయనను అడక్కుండానే, తనకు తెలిసిన పని తాను చేసుకుపోయింది.

అమ్మాయి ఫోన్ పెట్టేసి, "చెప్పండి" అంది.

"అంతా అయిపోయిందండి" అని మేస్త్రి లేచి, దండం పెట్టి వచ్చేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఇచ్చారా?"

"ఇచ్చాను." మొహం వెలిగిపోతోంది.

"నా బంగారమే! ఎవరికిచ్చారు?"

"మూడో కౌంటర్లో."

"తీసుకుని ఏమంది?"

"ఏమీ అనలేదు."

"చదివిందా?"

మేస్త్రి చెప్పులు విడిచి, వాటిని తిన్నగా పెట్టి, కొంచెం వంకరగా ఉన్నాయనిపించి మళ్లీ సర్దాడు. "ఇంకా చదివుండదు. దులిపినప్పుడు చూస్తారు కదా."

భార్య చూపు ఆయన మొహం మీదే ఉండిపోయింది. "దులిపినప్పుడు" అని ఆ మాటను తనలో తాను ఒకసారి అనుకుంది. "ఏమండీ, కాగితం ఎవరికిచ్చారు?"

"కుర్చీకి" అన్నాడు మేస్త్రి.

అరవాలనుకుని ఆవిడ నోరు తెరిచింది. కానీ వచ్చింది నవ్వు. నవ్వీ నవ్వీ గోడకు చేరగిలబడి, కొంగుతో కళ్లు తుడుచుకుంది. సాయంత్రం కూతురు వచ్చాక ఆ పిల్లా నవ్వింది. కానీ నవ్వు ఆగాక ముగ్గురి చూపూ మిషన్ మీదే పడింది.

"ఇంకో కాగితం రాస్తాను" అంది కూతురు చివరికి.

"వద్దమ్మా" అన్నాడు మేస్త్రి. "రేపు వెళ్లి అదే తీసి ఇస్తాను. ఎక్కడ పెట్టానో నాకు తెలుసు."

గురువారం భార్య కూడా వెంట వెళ్లింది. లోపలికి రాకుండా అద్దాల తలుపు బయటే నిలబడింది. "నేను పక్కనుంటే మీరు నా వైపు చూస్తారు, గ్లాసు వైపు చూసినట్టు" అంది.

మూడో కౌంటరు ముందు కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఒళ్లో ఊలు ఉండ, చేతిలో సగం అల్లిన మేజోడు. మనిషి దిట్టంగా ఉంది. ఆవిడ కింద, ఎడమ పక్క సందులో, మేస్త్రి మిషన్ భవిష్యత్తు నలుగుతోంది. కౌంటరు అమ్మాయి ఆవిడ పాసుపుస్తకం పట్టుకుని లోపలి గదికి వెళ్లింది.

మేస్త్రి పక్కన నిలబడ్డాడు. కుర్చీ వైపు చూశాడు. బయటికి చూశాడు. అద్దం అవతల భార్య రెండు చేతులూ తిప్పుతూ, నోరు తెరవమని సైగ చేస్తోంది. కాపలాదారు ఆవిడ వైపు అనుమానంగా చూస్తున్నాడు. మేస్త్రి మళ్లీ కుర్చీ వైపు చూశాడు.

"ఏమయ్యా, నా కుర్చీకి దిష్టి పెడుతున్నావేంటి?" అంది పెద్దావిడ అల్లిక ఆపకుండా.

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే అంత చెమటలెందుకు? ఒంట్లో బాలేదా? కూర్చుంటావా?"

ఆయన నోరు తెరవబోయాడు. ఇన్నేళ్లుగా మూసి ఉన్న తలుపు అది, మడతబందులు తుప్పు పట్టి ఉన్నాయి. దాన్ని తోశాడు.

"అమ్మా... మీరు... ఒక్కసారి లేస్తారా?"

"ఎందుకు?"

"మీ కింద నా కాగితం ఉందండి."

వరసలో వెనకున్నవాళ్లు గొల్లుమన్నారు. పెద్దావిడ కూడా నవ్వుతూనే, కుర్చీ చేతులు పట్టుకుని ఊపిరి బిగబట్టి లేచింది. మేస్త్రి సందులోకి రెండు వేళ్లు పోనిచ్చి దరఖాస్తు లాగాడు. ఒక్క ముడత లేదు.

"చూశావా, నీ కాగితం ఇస్త్రీ చేసి పెట్టాను" అంది పెద్దావిడ. "కూలి అడగనులే."

అప్పుడే అమ్మాయి తిరిగొచ్చింది. పాసుపుస్తకం పెద్దావిడకు ఇస్తూ మేస్త్రి చేతిలోని కాగితం చూసి, అందుకుంది. నిలబడే చదివింది, కూర్చుని కంప్యూటరులో ఏదో చూసింది.

"మీ కిస్తీ రోజున ఖాతాలో డబ్బు లేదండి. అయినా కిస్తీ వెళ్లింది. అంటే మీరు బ్యాంకును అప్పు అడిగినట్టే లెక్క. అందుకే చార్జీ."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరడిగారండీ?"

"అంటే మీరు నోటితో అడిగారని కాదు..."

"నోటితో కాక దేంతో అడుగుతారండీ?" ఆయన గొంతు ఆయనకే కొత్తగా, పెద్దగా వినిపించింది. "నేను జన్మలో ఎవర్నీ చేయి చాచి అడగలేదు. దాహమేసినా అడగలేదు. ఇందాక ఈ అమ్మగారిని లేవమన్నాను, అదే మొదటిది. డబ్బు పోతే పోయింది, నేను అడిగానని రాసుకోవడమేంటండీ? ఆ మాట తీసేయండి!"

కాపలాదారు రెండడుగులు ముందుకేశాడు. కళ్లద్దాల అమ్మాయి అతణ్ణి ఆగమని చేత్తో సైగ చేసి, మేస్త్రి వైపు వంగింది. ఆ పిల్ల మొహంలో విసుగు లేదు.

"తీసేయొచ్చండి. చార్జీ వెనక్కిస్తే ఆ రాత కూడా పోతుంది. ఏడాదికి ఒకసారి ఇచ్చే వీలుంది. కానీ దానికి ఒకటే షరతు."

"ఏంటది?"

"మీరు అడగాలి."

మేస్త్రికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. "అంటే, నేను అడగలేదని చెప్పడానికి నేను అడగాలా?"

"అవునండి."

"కాగితంలో రాసుంది కదండీ."

"కాగితం ఉంది. కానీ ఖాతాదారు స్వయంగా అడిగారా అని ఇక్కడ గడి ఉంది. మీరు అడక్కుండా నేను దాంట్లో టిక్కు పెడితే అది అబద్ధమవుతుంది. అడగనివాళ్లు అడిగారని రాయడం మీకూ ఇష్టం లేదు కదా!"

మేస్త్రి బయటికి చూశాడు. భార్య ముక్కు అద్దానికి ఆనించి నిలబడి ఉంది. నోరు తెరవమని చేసే సైగలన్నీ మానేసి, ఊరికే చూస్తోంది. మిషన్ కొన్న రోజున, అది లోపలికి పట్టదేమోనని గుమ్మం కొలుస్తూ ఆవిడ ఇలాగే చూసింది.

మేస్త్రి కౌంటరు మీద రెండు చేతులూ ఆనించాడు.

"నా చార్జీలు నాకు వెనక్కివ్వండమ్మా" అన్నాడు. "అడుగుతున్నాను."

"ఇస్తామండి" అంది అమ్మాయి, టిక్కు పెట్టి. "రేపు పొద్దున కిస్తీ వెళ్లేలోపు ఖాతాలో పడతాయి."

"అంతేనా?"

"అంతే."

"ఇంత తేలికా!"

"అడిగితే తేలికేనండి. ఎవరూ అడగరు. అడగొచ్చని ఎవరికీ తెలీదు." ఈ మాట ఆ పిల్ల మేస్త్రి ఒక్కడికే వినిపించేట్టు చెప్పొచ్చు. చెప్పలేదు. హాలు చివర గోడ పక్కన కూర్చున్నవాళ్లకు కూడా అందేట్టు, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

గాజు గది తలుపు సగం తెరుచుకుంది. మేనేజరు తల బయట పెట్టి, "కాస్త మెల్లగా చెప్పమ్మా" అన్నాడు.

"మెల్లగా చెప్తే వెనకవాళ్లకు వినిపించదు సార్" అంది అమ్మాయి. అన్నాక తన మాటకు తనే కొంచెం భయపడి కళ్లద్దాలు సర్దుకుంది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఇక్కడ అంత దూరం అక్కర్లేకపోయింది, కుర్చీ దాటితే చాలింది. పెద్దావిడ ఊలు ఉండను సంచిలో కుక్కి, మేస్త్రిని మోచేత్తో పక్కకు జరిపింది. "అమ్మాయీ, నాకూ అలాంటి చీటీలు వస్తున్నాయి. పింఛను రెండ్రోజులు ఆలస్యమైనప్పుడల్లా కోస్తున్నారు. నేనూ అడుగుతున్నాను. పెట్టు టిక్కు." ఆవిడ వెనకాల ఆటో నడిపే ఆయన అన్నాడు, "నాక్కూడానండి." ఆయన వెనకాల బట్టల కొట్టులో పని చేసే పిల్ల చేయెత్తింది. ఎర్ర అంకెలు మారడం ఆగిపోయింది. వేరే కౌంటర్ల ముందున్నవాళ్లు కూడా చీటీలు పట్టుకుని మూడో కౌంటరు వైపు జరిగారు. మేనేజరు ఒక నిట్టూర్పు విడిచి, తలుపు పూర్తిగా తెరిచి, తనూ ఒక కుర్చీ లాక్కుని ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాడు. అంతమందికి టిక్కులు పెట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు మరి.

మేస్త్రి బయటికి రాగానే భార్య, "ఏమన్నారు? ఇస్తారా?" అంది.

"ఇస్తారు. అడిగాను."

"నిజంగా నోటితోనే?"

"నోటితోనే. దాహమేస్తోంది, ఆ సీసా ఇలా ఇవ్వు" అన్నాడు. అని, తను అన్నదేంటో తనకే తట్టి అక్కడే ఆగిపోయాడు. ఆవిడ సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి, మూత తిప్పి మరీ ఇచ్చింది.

శుక్రవారం కిస్తీ వెళ్లింది. మిషన్ ఉన్నచోటే ఉంది. మధ్యాహ్నం నుంచి సినిమా హాలు కుర్చీల ఎర్ర రెక్సిన్ దాని పళ్ల కింద గడగడా నడిచింది.

మూడో కౌంటరులో ఇప్పుడు వేరే మనిషి కూర్చుంటున్నాడు. కళ్లద్దాల అమ్మాయిని లోపలి గదిలో దస్త్రాల పనికి వేశారట. శిక్ష అని ఎవరూ అనలేదు, కాదని కూడా ఎవరూ అనలేదు. అక్కడ ఫోన్లు మోగవని, హాయిగా ఉందని ఆ పిల్ల పెద్దావిడతో నవ్వుతూ చెప్పిందట. ఎవరికీ ఆమె పేరు తెలియదు. మీ ఇంటికి కూడా ఎప్పుడైనా అలాంటి ఉత్తరం వస్తే, మీరు అడగని అప్పుకు మీరు అడిగినట్టే లెక్క అని ఎవరైనా అంటే, సిగ్గుపడకుండా వెళ్లి అడగండి. అడిగేటప్పుడు మేస్త్రి గుర్తుకు రాకపోయినా ఫర్వాలేదు. వెనకవాళ్లకు వినిపించేట్టు చెప్పిన ఆ అమ్మాయిని మాత్రం ఒక్కసారి తలుచుకోండి.